మనల్ని మనం చూసుకోవడం: బెజవాడ, గుంటూరు ఎండల్లో రోజును తీర్చిదిద్దుకునే పద్ధతి

మన ఇళ్లలో ఒకరినొకరు చూసుకోవడంలో లోటు ఉండదు. చుట్టం వస్తే మారు వడ్డించేదాకా ఊరుకోం. పిల్లవాడి క్యారేజీ, నాన్నగారి బీపీ మాత్ర, అత్తగారి కంటి చుక్కలు అన్నీ వేళకు గుర్తుంటాయి. ఇవన్నీ గుర్తుపెట్టుకునే ఇల్లాలు మాత్రం మధ్యాహ్నం మూడింటికి వంటింటి గట్టు పక్కన నిలబడి, గిన్నెలో మిగిలిన కూరతో నాలుగు ముద్దలు తిని సరిపెట్టుకుంటుంది. దుకాణం కట్టేసి రాత్రి పదిన్నరకు ఇల్లు చేరే మనిషి కడుపు నిండా తిని, పదకొండింటికల్లా పడుకుంటాడు. నలభై దాటాక ఒకరికి రక్తహీనత, ఇంకొకరికి షుగర్ బయటపడితే, ఇది హఠాత్తుగా వచ్చిందని ఇంటిల్లిపాదీ అనుకుంటారు.

ఒంటిని, మనసును చూసుకోవడం తీరిక ఉన్నవాళ్ల ముచ్చట అనుకోవడం పొరపాటని నేను గట్టిగా నమ్ముతాను. ఇంటి పనుల్లో అదీ ఒకటి. రాత్రి పాలు తోడుపెడితేనే పొద్దున పెరుగు ఉంటుంది. ఇదీ అంతే, ఏ రోజు పని ఆ రోజు కొద్దికొద్దిగా చేయాలి. ఇంకో మాట కూడా చెప్పాలి. చల్లటి ఊళ్ల కోసం రాసిన సలహాలు కృష్ణా తీరంలో యథాతథంగా పనిచేయవు. ఉదయం ఎనిమిదింటికి హాయిగా నడవమంటే మే నెలలో ఎవరూ నడవలేరు. ఆకుకూరల సలాడ్ తినమంటే పప్పు, చారు, పచ్చడి ఉన్న కంచంలో దానికి చోటుండదు. అందుకే ఇక్కడి ఎండ, ఇక్కడి వంట, ఇక్కడి పనివేళలు దృష్టిలో పెట్టుకుని ఈ వరుస రాస్తున్నాను.

మొదటి మెట్టు: మీ అంకెలు తెలుసుకోండి

ఏ అలవాటు ముందు మార్చుకోవాలో మీ ఒళ్లే చెబుతుంది. దానికి నాలుగు కొలతలు చాలు.

బీపీ: 120/80 లోపు ఉంటే మంచిది. వేర్వేరు రోజుల్లో చూసినా 140/90 లేదా అంతకు మించి వస్తుంటే డాక్టరును కలవాలి. కొలిచే ముందు అరగంటలో కాఫీ తాగకండి. కుర్చీలో వీపు ఆనించి, పాదాలు నేలకు తాకేలా అయిదు నిమిషాలు మాటలు లేకుండా కూర్చుని, చేయి గుండె ఎత్తులో ఉండేలా బల్ల మీద పెట్టండి. మెట్లెక్కి ఆయాసంగా ఉన్నప్పుడు చూసిన బీపీని నమ్మి కంగారుపడవద్దు.

షుగర్: పరగడుపున 100 లోపు ఉండాలి. 100 నుంచి 125 వరకు హెచ్చరిక, 126 లేదా ఆపైన మధుమేహం. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సి పరీక్షలో 5.7 లోపు మామూలు, 6.5 నుంచి మధుమేహం. అలవాట్లు మార్చుకున్న మూడు నెలలకు ఇదే పరీక్ష మళ్లీ చేయిస్తే ఫలితం కాగితం మీదే కనిపిస్తుంది. వారానికోసారి చేయించడం డబ్బు దండగ.

హిమోగ్లోబిన్: ఆడవాళ్లకు 12, మగవాళ్లకు 13 గ్రాములకు తగ్గకూడదు. గర్భిణులకు 11. ఎప్పుడూ నీరసంగా ఉంటోందని, మెట్లెక్కితే గుండె దడగా ఉంటోందని చెప్పే ఆడవాళ్లు బద్ధకస్తులు కారు. ముందు ఈ పరీక్ష చేయించండి.

నడుము చుట్టుకొలత: భారతీయుల్లో మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడాలి. బరువు మామూలుగానే ఉండి పొట్ట మాత్రం పెరిగినవాళ్లు మనలో చాలామంది ఉంటారు. అందుకే బరువుతో పాటు టేపును కూడా నమ్మండి.

ముప్పై దాటినవాళ్లకు ప్రభుత్వ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో బీపీ, షుగర్ పరీక్షలు ఉచితంగా చేస్తారు. మీ వార్డులో ఉన్న కేంద్రం ఎక్కడో తెలుసుకుని ఒక ఉదయం దంపతులిద్దరూ కలిసి వెళ్లండి.

రెండో మెట్టు: ఒక్క అలవాటు, దానికో మేకు

ఉగాది నాడో, జనవరి 1వ తేదీనో పది నిర్ణయాలు ఒకేసారి తీసుకుంటే పది రోజుల్లో అన్నీ పోతాయి. ఒకటే పట్టుకోండి. దాన్ని ఇప్పటికే రోజూ చేసే పనికి తగిలించండి. పాలప్యాకెట్ తెచ్చుకోవడానికి కిందికి దిగుతారు కదా, అటునుంచి అటే పదిహేను నిమిషాలు నడిచి రండి. రాత్రి వంటిల్లు తుడిచి గ్యాస్ కట్టేస్తారు, వెంటనే పళ్లు తోముకోండి. స్కూటర్ తాళం చేతిలోకి తీసుకున్నప్పుడే నీళ్ల సీసా కూడా తీసుకోండి. ‘తీరిక దొరికినప్పుడు’ అని పెట్టుకున్న అలవాటు నిలబడదు, మన ఇళ్లలో తీరిక దానంతట అది దొరకదు కాబట్టి.

మొదట్లో అలవాటు చిన్నదిగా ఉండాలి. గంట నడక అనుకుని మానేయడం కంటే పదిహేను నిమిషాలు రోజూ నడవడం మేలు. రెండు మూడు వారాలు గడిచి, అది చేయని రోజు ఏదో వెలితిగా అనిపించడం మొదలైతే, అప్పుడు రెండోది చేర్చండి. ఏది ముందు? నా మాటగా అయితే నిద్ర. నిద్ర చాలనివాడు మర్నాడు నడవడు, మధ్యాహ్నం తీపి వెతుక్కుంటాడు, సాయంత్రం పిల్లల మీద విసుక్కుంటాడు.

మూడో మెట్టు: నిద్ర

పెద్దవాళ్లకు రాత్రికి ఏడు గంటలకు తగ్గని నిద్ర కావాలి. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లలకు ఎనిమిది నుంచి పది గంటలు. విజయవాడ, గుంటూరు ఇంటర్మీడియెట్ చదువులకు పేరుపడ్డ ఊళ్లు. హాస్టల్ గదుల్లో అర్ధరాత్రి దాకా చదివి తెల్లవారుజామున మళ్లీ లేచే పిల్లలను చూస్తే నాకు బాధగా ఉంటుంది. చదివినది మెదడులో స్థిరపడేది నిద్రలోనే. నిద్ర కోసి చదివించడమంటే చదివిన పాఠాన్ని చేజేతులా చెరిపేయడమే. మీ పిల్లలు ఇంటి దగ్గరే ఉండి చదువుకుంటుంటే పదిన్నరకు దీపం ఆర్పించండి.

లేచే వేళ ముందు స్థిరపరచండి. ఆదివారమైనా అదే వేళకు, మహా అయితే అరగంట అటూ ఇటూ. నిద్రపట్టే వేళ కొద్ది రోజుల్లో దానంతట అదే సర్దుకుంటుంది. సాయంత్రం నాలుగు తర్వాత కాఫీ, టీ మానండి. కాఫీలోని కెఫీన్ సగానికి తగ్గడానికే అయిదారు గంటలు పడుతుంది కనుక ఆరింటి కాఫీ అర్ధరాత్రి దాకా ఒంట్లో పనిచేస్తూనే ఉంటుంది. ఫోను మంచం దగ్గర కాకుండా హాల్లో ఛార్జింగ్ పెట్టండి. అలారం కోసం ఫోను కావాలంటారా, ఒక చిన్న గడియారం కొనుక్కోండి.

ఇక మన ఊళ్ల అసలు సమస్య వేడి. పై అంతస్తులో ఉండేవాళ్లకు తెలుసు, సూర్యుడు దిగిపోయినా స్లాబు రాత్రి పదకొండు దాకా వేడిని కిందికి వదులుతూనే ఉంటుంది. అందుకని ఉదయం తొమ్మిది కాకముందే ఎండ పడే వైపు కిటికీలు మూసి, మందపాటి తెరలు దింపండి. సాయంత్రం బయట గాలి లోపలి గాలి కంటే చల్లబడగానే ఎదురెదురు కిటికీలు తెరవండి. నీటి ఎద్దడి లేకపోతే పొద్దు వాలాక డాబా మీద నీళ్లు చల్లండి. సొంత ఇల్లయితే డాబాకు వేడిని తిప్పికొట్టే తెల్లటి పూత వేయించడం ఒక్కసారి ఖర్చు, ఏళ్ల తరబడి సుఖం. కూలర్ వాడేవాళ్లు గది తలుపులన్నీ బిగించి పడుకుంటారు. అది సరికాదు. తేమ గాలి బయటికి పోయే దారి లేకపోతే గది ఉక్కపోతగా మారుతుంది. కూలర్‌ను కిటికీ దగ్గర పెట్టి, ఎదురు వైపు కిటికీ కొంచెం తెరిచి ఉంచండి. పడుకునే ముందు గోరువెచ్చటి నీళ్లతో స్నానం చేస్తే ఒళ్లు చల్లబడి నిద్ర తొందరగా పడుతుంది.

గట్టిగా గురకపెడుతూ, మధ్యలో ఊపిరి ఆగినట్టయి ఉలిక్కిపడి లేచేవాళ్లు, రాత్రంతా పడుకున్నా పగలు కునుకుపాట్లు పడేవాళ్లు డాక్టరుకు చూపించుకోవాలి. దీన్ని నవ్వులాటగా తీసుకోకండి. ఇలాంటి నిద్ర బీపీని పెంచుతుంది, బండి నడుపుతుండగా కన్ను మూతపడేలా చేస్తుంది.

నాలుగో మెట్టు: నడక, దానితో పాటు కాస్త బలం

ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు చెప్పే కొలత వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమ. అంటే రోజుకు అరగంట చొప్పున అయిదు రోజులు. నడుస్తూ మాట్లాడగలగాలి కానీ పాట పాడలేనంత వేగం ఉండాలి. కబుర్లలో పడి ఆగి ఆగి నడిచే నడక మనసుకు మంచిదే, గుండెకు మాత్రం ఇంకొంచెం వేగం కావాలి.

చోటుకు కరువు లేదు. విజయవాడలో బందరు రోడ్డు మీది ఇందిరాగాంధీ మునిసిపల్ స్టేడియం, బస్ స్టేషన్ దగ్గరి రాజీవ్‌గాంధీ పార్కు, తెల్లవారుజామున చల్లటి గాలి వచ్చే కృష్ణా ఘాట్లు. గుంటూరులో బృందావన్ గార్డెన్స్‌లోని ఎన్టీఆర్ స్టేడియం. ఇవేవీ దగ్గర్లో లేకపోతే మీ వీధి చాలు. బ్రాడీపేట లైన్లలో, సత్యనారాయణపురం వీధుల్లో ఉదయం అయిదున్నరకు బండ్ల రద్దీ ఉండదు. మార్చి నుంచి జూన్ దాకా ఏడు కాకముందే ఇల్లు చేరేలా చూసుకోండి. ఉదయం కుదరనివాళ్లు వేసవిలో రాత్రి ఏడున్నర తర్వాత పెట్టుకోవచ్చు. రోడ్డు పక్కన నడిచేటప్పుడు లేతరంగు బట్టలు వేసుకుని, బండ్లకు ఎదురుగా నడవండి.

భోజనం తర్వాత పది పదిహేను నిమిషాల నెమ్మదైన నడక గురించి ప్రత్యేకంగా చెప్పాలి. అన్నం తిన్నాక రక్తంలో ఎగసే షుగర్‌ను కాలి కండరాలు వాడుకుంటాయి. అన్నం ఎక్కువగా తినే మనకు ఇంతకంటే చవకైన మందు లేదు. రాత్రి భోంచేసి వీధి చివరిదాకా వెళ్లి రండి. అపార్ట్‌మెంటులో ఉంటే కింద నాలుగు చుట్లు, లేదా డాబా మీద.

నడక ఒక్కటే చాలదు. మధ్యవయసు నుంచి కండ కరుగుతూ వస్తుంది. అరవై దాటాక నేల మీద కూర్చుని లేవడం, బస్సు మెట్టు ఎక్కడం కష్టమయ్యేది అందుకే. వారానికి రెండు రోజులు ఇంట్లోనే ఈ మూడు చేయండి. చేతుల ఆసరా లేకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోవడం. గోడకు రెండు చేతులూ ఆనించి, ఛాతీని గోడ దగ్గరకు తెచ్చి మళ్లీ నెట్టడం పదిసార్లు. వంటింటి గట్టు పట్టుకుని మునివేళ్ల మీద పైకి లేచి దిగడం పదిహేనుసార్లు. ఒక విడతకు పది నిమిషాలు కూడా పట్టదు. అలవాటయ్యాక రెండు మూడు విడతలు చేయండి. మోకాలి నొప్పులున్నవాళ్లు ఇంద్రకీలాద్రి, గుణదల కొండ మెట్లను వ్యాయామంగా పెట్టుకోకండి. దిగేటప్పుడు మోకాలి మీద బరువు బాగా పడుతుంది.

నడుస్తుండగా ఛాతీలో బిగపట్టినట్టుండటం, ఎడమ చేతికో దవడకో నొప్పి పాకడం, చల్లటి చెమటలు పట్టడం జరిగితే గ్యాస్ అని సోడా తాగుతూ కూర్చోవద్దు. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

అయిదో మెట్టు: కంచం

కారం గురించి అందరూ మనల్ని భయపెడతారు. గుంటూరు కారం తిన్నవాళ్లందరికీ పుండ్లు పడవు. కడుపులో పుండ్లకు ఎక్కువగా కారణమయ్యేది ఒక సూక్ష్మజీవి, నొప్పి మాత్రల అతి వాడకం. కారం వల్ల మంట పుట్టేవాళ్లు తగ్గించుకోవాలి, అది వేరు. నన్ను కలవరపెట్టేది కారంతో పాటు చడీచప్పుడు లేకుండా వచ్చే ఉప్పు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దు మనిషికి రోజుకు 5 గ్రాముల లోపు, అంటే చదునుగా కొలిచిన ఒక టీస్పూను. మన భోజనం తలుచుకోండి: పప్పులో ఉప్పు, కూరలో ఉప్పు, చారులో ఉప్పు, ఆవకాయలో ఉప్పు, కారప్పొడిలో, అప్పడంలో, ఊరమిరపకాయలో, చివరికి మజ్జిగలో కూడా ఉప్పే. ఆవకాయకు ఆవపిండి, కారం, ఉప్పు దాదాపు సమంగా కలిపే ఇళ్లు మనవి. పెద్ద చెంచాడు పచ్చడి వేసుకుంటే రోజు కోటాలో చాలా భాగం అక్కడే అయిపోతుంది.

ఇంట్లో లెక్క చూసుకునే సులువైన ఉపాయం ఉంది. నలుగురున్న ఇంటికి రోజుకు 20 గ్రాములు, అంటే కిలో ఉప్పు ప్యాకెట్ 50 రోజులు రావాలి. ప్యాకెట్ మీద తెరిచిన తేదీ రాయండి. నెల తిరక్కుండానే ఖాళీ అయితే, పచ్చళ్లలో ఉప్పు, బయట తిన్న ఉప్పు కలపకముందే మీరు హద్దు దాటారన్నమాట. నూనెకూ ఇలాగే చేయొచ్చు: మనిషికి నెలకు అర లీటరు, నలుగురికి రెండు లీటర్లు.

తగ్గించే దారి ఇది. ముందు మజ్జిగలో ఉప్పు మానండి, నాలుక తొందరగా సర్దుకునేది అక్కడే. తర్వాత పచ్చడిని జాడీ నుంచి నేరుగా కాకుండా చిన్న చెంచాతో కొలిచి, ఒకే పూట వేసుకోండి. పచ్చడి ఉన్న పూట అప్పడం, ఊరమిరపకాయ వద్దు. గోంగూర, దోసకాయ, బీరపొట్టు, కొత్తిమీర రోటి పచ్చళ్లు అప్పటికప్పుడు నూరుకునేవి కనుక నిలవ పచ్చడంత ఉప్పు అక్కర్లేదు. చింతపండు, నిమ్మకాయ, అల్లం, జీలకర్ర ఉన్నచోట ఉప్పు లోటు అంతగా తెలియదు. మూడు నాలుగు వారాల్లో నాలుక మారుతుంది. అప్పుడు పాత కూర ఉప్పగా అనిపిస్తుంది.

ఇక అన్నం. అన్నం మానేయమని నేను చెప్పను. కంచంలో కొలతలు తిరగేయమంటాను. మన కంచంలో అన్నం గుట్టగా, కూర అంచున ఉంటుంది. కూరలూ ఆకుకూర పప్పూ సగం కంచం నింపాక, మిగిలిన చోట అన్నం వడ్డించుకోండి. మొదటి నాలుగు ముద్దలు ఉత్త కూర, పప్పు తిని ఆ తర్వాత అన్నం కలుపుకుంటే భోజనం తర్వాత షుగర్ నెమ్మదిగా పెరుగుతుంది. మారు వడ్డన కూరతోనే చేయండి. వారానికి రెండు మూడు పూటలు దంపుడు బియ్యం, జొన్నరొట్టె, రాగి సంకటి పెట్టుకోవచ్చు. వాటిని కూడా హద్దు లేకుండా తింటే షుగర్ పెరుగుతుంది, ఆ విషయంలో మోసపోకండి.

కూరగాయలు, పళ్లు కలిపి రోజుకు మనిషికి కనీసం 400 గ్రాములు ఉండాలి. నలుగురికి కిలోన్నర పైమాటే. చాలా ఇళ్లలో అరకిలో బెండకాయలు నలుగురికి కూర అవుతాయి. లోటు ఎక్కడుందో ఇక్కడే తెలుస్తుంది. రైతుబజారుకు వారానికి రెండుసార్లు ఉదయాన్నే వెళ్లి, తోటకూర, బచ్చలి, పొన్నగంటి, మెంతికూర, మునగాకు మార్చి మార్చి తెచ్చుకోండి. గోంగూర మనకు ప్రాణమే కానీ మూత్రపిండాల్లో రాళ్లు వచ్చినవాళ్లు దాన్ని, పాలకూరను తగ్గించాలి. వాటిలో రాళ్లు కట్టడానికి తోడ్పడే ఆక్జలేట్ అనే పదార్థం ఎక్కువ.

మాంసకృత్తులు కిలో బరువుకు 0.8 నుంచి 1 గ్రాము దాకా కావాలి. అరవై కిలోల మనిషికి 50 నుంచి 60 గ్రాములు. గుడ్డు ఒక్కటి సుమారు 6 గ్రాములు ఇస్తుంది, గ్లాసు పాలు అంతే. పల్చటి పప్పుచారుతో ఇది తీరదు. పొట్టు పెసలతో వేసిన పెసరట్టు మంచి ఫలహారం, ఉప్మా లేకుండా తింటే ఇంకా మంచిది. ముద్దపప్పు, ఉడికించిన శనగలు, అలసందలు, పెరుగు, చేపలు, గుప్పెడు వేరుశనగ గుళ్లు రోజులో ఎక్కడో ఒకచోట ఉండేలా చూడండి.

సాయంత్రం బండి దగ్గర వేడివేడి పునుగులు, మిరపకాయ బజ్జీ తినడం బెజవాడ జీవితంలో ఒక సంతోషం. ఆ సంతోషాన్ని వారానికి ఒకరోజుకు ఉంచుకోండి. నూనె నల్లబడి, చిక్కబడి, పొగలు కక్కుతున్న బండి దగ్గర ఆగవద్దు. మిగిలిన సాయంత్రాలకు ఉడికించిన మొక్కజొన్న, గుగ్గిళ్లు, జామకాయ.

చివరిది, నాకు అన్నిటికంటే ముఖ్యమైనది. ఇంటి ఇల్లాలు చివరన తినే ఆచారం మానాలి. వండిన కూరలో ఆమె వాటాను వడ్డనకు ముందే వేరే గిన్నెలోకి తీసి పెట్టండి. వీలైన పూట అందరూ కలిసి కూర్చుని, గిన్నెలు మధ్యలో పెట్టుకుని తినండి. భోజనమైన వెంటనే టీ తాగితే ఆకుకూరల్లోని ఇనుము ఒంటికి సరిగా పట్టదు, గంట ఆగండి. పప్పులో నిమ్మకాయ పిండుకుంటే అదే ఇనుము బాగా పడుతుంది. హిమోగ్లోబిన్ తక్కువున్నప్పుడు తిండితో పాటు డాక్టరు ఇచ్చిన ఐరన్ మాత్రలు వేసుకోవాలి. బెల్లం, ఖర్జూరంతోనే సరిపెట్టుకుంటే నెలలు గడుస్తాయి కానీ అంకె కదలదు.

రాత్రి భోజనానికి, పడకకు మధ్య రెండు మూడు గంటలు ఉండాలి. దుకాణాల్లో పనిచేసేవాళ్లు ఏడింటికే క్యారేజీలో తినేసి, ఇంటికి వచ్చాక గ్లాసు మజ్జిగతో సరిపెట్టుకుంటే ఛాతీలో మంట చాలావరకు తగ్గుతుంది.

ఆరో మెట్టు: ఎండ, నీళ్లు

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని ఊరికే అనలేదు. మనకు ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలు, దానికి తోడు గాలిలో తేమ. చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా బయటి పనులు పెట్టుకోకండి. తప్పనిసరైతే తలకు తడి తువ్వాలు, గొడుగు, చేతిలో నీళ్ల సీసా ఉండాలి. గదిలో వేడి 40 దాటినప్పుడు ఫ్యాను తిప్పేది వేడి గాలినే. ఒళ్లు తడుపుకోవడం, తడిగుడ్డతో తుడుచుకోవడం అప్పుడు ఎక్కువ మేలు చేస్తాయి.

ఎన్ని నీళ్లు తాగాలన్నదానికి అందరికీ ఒకే లెక్క లేదు. మూత్రం లేత పసుపు రంగులో ఉంటే చాలినన్ని తాగుతున్నట్టు. ముదురు పసుపైతే వెంటనే తాగండి. మిర్చి యార్డులో మూటలు మోసేవాళ్లు, ఆటో నడిపేవాళ్లు, భవన నిర్మాణ పనివాళ్లు దాహం వేసేదాకా ఆగకుండా పావుగంటకోసారి కొన్ని గుక్కలు తాగాలి. బయట మూత్రశాలలు లేవని నీళ్లే మానుకునే ఆడవాళ్లు ఎంతోమంది. మూత్రంలో మంట, రాళ్లు రావడానికి అదొక పెద్ద కారణం. వెళ్లే దారిలో వాడుకోదగిన చోటు ముందే చూసిపెట్టుకోండి, నీళ్లు మాత్రం మానకండి. గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లు ఎంత తాగాలో డాక్టరునే అడగాలి.

పల్చటి మజ్జిగ, కొబ్బరినీళ్లు, తాటి ముంజలు, సబ్జా గింజల నీళ్లు మన వేసవికి సరిపోయినవి. 300 మిల్లీలీటర్ల కూల్ డ్రింకులో సుమారు 30 గ్రాముల పంచదార ఉంటుంది. రోజంతటికీ 25 గ్రాముల లోపు ఉంటే మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. విరేచనాలు, వాంతులు అయినప్పుడు ఓఆర్‌ఎస్ ప్యాకెట్ దొరకకపోతే, కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో చదునుగా ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు కలిపి కొద్దికొద్దిగా తాగించండి. కొలత తప్పకూడదు, ఉప్పు ఎక్కువైతే పిల్లలకు ప్రమాదం.

ఎండలో ఉన్న మనిషి ఒళ్లు కాలిపోతూ, మాట తడబడుతూ, తికమకగా ప్రవర్తిస్తే అది వడదెబ్బ. 108కి ఫోను చేసి, నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒంటి మీద నీళ్లు పోస్తూ విసరండి. స్పృహలో లేకపోతే నోట్లో నీళ్లు పోయకూడదు.

కూలర్ తొట్టి, పూలకుండీ పళ్లేలు, డాబా మీది పాత టైర్లు వారానికోసారి ఖాళీ చేసి, రుద్ది ఆరబెట్టండి. డెంగీ దోమ గుడ్డు నుంచి దోమగా మారడానికి వారం పది రోజులు చాలు. అది పగటిపూట కుడుతుంది కనుక బడికి వెళ్లే పిల్లలకు నిండు చేతుల చొక్కాలు వేయండి.

చిన్నవే, వదలకూడనివి

రాత్రి పళ్లు తోమడం ఉదయం తోమడం కంటే ముఖ్యం. రెండు నిమిషాలు, ఫ్లోరైడ్ ఉన్న పేస్టుతో. కంప్యూటర్ ముందు పనిచేసేవాళ్లు ప్రతి ఇరవై నిమిషాలకు ఇరవై అడుగుల దూరంలోని దేన్నో ఇరవై సెకన్లు చూడండి. షుగర్ ఉన్నవాళ్లు రోజూ రాత్రి అరికాళ్లు అద్దంలో చూసుకోవాలి, గుడిలో కాలిన రాళ్ల మీద ఉత్తకాళ్లతో నడవకూడదు. స్పర్శ తగ్గిన కాలికి బొబ్బ లేచినా తెలియదు.

ఏడో మెట్టు: మనసు

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్లు నీట మునిగినప్పుడు బురద కడుక్కోవడం, సామాన్లు ఆరబెట్టుకోవడం అందరం చూశాం. ఆ తర్వాత వాన చప్పుడుకే గుండె దడ పట్టే మనుషుల గురించి తక్కువ మాట్లాడుకున్నాం. భయం, దిగులు కూడా ఒంటికి వచ్చే కష్టాలే. వాటిని ‘నీకేం తక్కువ’ అన్న ఒక్క మాటతో కొట్టిపారేయకూడదు.

రోజువారీగా చేయదగినవి మూడు. ఆందోళనగా ఉన్నప్పుడు అయిదు నిమిషాలు కూర్చుని, నాలుగు అంకెలు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు అంకెలు లెక్కపెడుతూ వదలండి. వదిలేది పొడవుగా ఉంటే గుండె వేగం తగ్గుతుంది. రెండు, రోజుకు ఒక మనిషితో ఫోను పక్కన పెట్టి మాట్లాడండి: అక్కతో, పక్కింటి పిన్నిగారితో, పాత స్నేహితుడితో. వాట్సాప్‌లో పంపే శుభోదయం బొమ్మ ఈ లెక్కలోకి రాదు. మూడు, రోజులో అరగంట మీకు ఇష్టమైన పనికి ఇవ్వండి. ముగ్గు, మొక్కలు, త్యాగరాజ కీర్తన, క్యారమ్స్, ఏదైనా సరే. డబ్బు తేవాల్సిన పని లేదు, ఎవరికీ చూపించనక్కర్లేదు.

రెండు వారాలకు మించి దిగులు వదలకపోయినా, నిద్ర, ఆకలి పోయినా, బతకడం వద్దన్న ఆలోచన వచ్చినా ఆలస్యం చేయకండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్ సేవకు 14416 నంబరులో రాత్రింబవళ్లు ఉచితంగా ఫోను చేయవచ్చు. తెలుగులో మాట్లాడతారు. ఇంట్లో పరీక్షలు రాస్తున్న పిల్లలుంటే ఈ నంబరు ఫ్రిజ్ మీద రాసిపెట్టండి.

అలవాటు తప్పినప్పుడు

తప్పుతుంది. శ్రావణంలో, మాఘంలో పెళ్లిళ్లు వరసపెట్టి వస్తాయి, దసరాకు ఇల్లంతా చుట్టాలు, సంక్రాంతికి అరిసెలు. పెళ్లి భోజనానికి వెళ్లి ముఖం ముడుచుకుని కూర్చోవడం ఎవరికీ మంచిది కాదు. ఇష్టమైన రెండు వంటకాలు ఎంచుకుని తృప్తిగా తినండి, మిగిలినవి విస్తట్లో పడకముందే చేయి అడ్డం పెట్టండి. మర్నాడు ఉపవాసంతో ప్రాయశ్చిత్తం చేసుకోవద్దు, ముఖ్యంగా షుగర్ మందులు వాడేవాళ్లు. మామూలు భోజనం, మామూలు వేళకు.

ఒక రోజు తప్పితే ఫరవాలేదు, రెండో రోజు తప్పనివ్వకండి. వాన పడి నడక కుదరకపోతే కుర్చీ వ్యాయామం చేయండి. జ్వరం వస్తే అన్నీ ఆపి పడుకోండి, తగ్గాక సగం కొలతతో మొదలుపెట్టండి. ఊరెళ్లాల్సి వస్తే సంచిలో ముందు పెట్టాల్సినవి రోజూ వేసుకునే మాత్రలు, నీళ్ల సీసా, నడిచే చెప్పులు. చీరలు, చొక్కాలు ఆ తర్వాత.

నెల గడిచినా ఒక అలవాటు పట్టుబడకపోతే మీ పట్టుదలను నిందించుకోకుండా దాని వేళ మార్చి చూడండి. ఉదయం నడక అచ్చిరాని మనిషికి రాత్రి భోజనం తర్వాతి నడక కుదరవచ్చు. ఒంటరిగా కుదరనిది పక్క ఫ్లాటు వదినగారితో కలిసి వెళితే కుదరవచ్చు. ఈ రాత్రికే ఆవిడను అడిగి, రేపు ఎన్నింటికి కింద గేటు దగ్గర కలుసుకోవాలో అనుకోండి.